రాత్రి భోజనానికి రాక్షస చిక్కుళ్ళు

"డాక్టరుగారూ! అన్నం తగ్గించమంటారు, పప్పుధాన్యాలు పెంచమంటారు, కూరలు ఎక్కువగా తినమంటారు. అన్నీ బాగానే ఉన్నాయి. రాత్రి ఎనిమిది గంటలకు ఇంటికి చేరేవాళ్ళం ఏం వండుకోవాలో అది మాత్రం ఎవరూ చెప్పరు!"

ముప్పై ఏళ్ళుగా ప్రభుత్వాసుపత్రి ఓ.పి.లో కూర్చుంటున్నాను. ఈ మాట నాతో బ్యాంకు ఉద్యోగి అన్నారు, బడి పంతులమ్మ అన్నారు, బస్సు కండక్టరు అన్నారు, భార్య పురిటికి వెళితే ఒంటరిగా ఉన్న యువకుడూ అన్నాడు. వాళ్ళు అన్నదాంట్లో న్యాయం ఉంది.

మీ ఇంట్లోనే గమనించండి. పొద్దున టిఫిను ఏదో ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం క్యారేజీలో పప్పో, కూరో ఉంటుంది. రాత్రి అయ్యేసరికి కుక్కరులో అన్నం, సీసాలో పచ్చడి, గిన్నెలో పెరుగు. పావుగంటలో భోజనం ముగుస్తుంది, కడుపూ నిండుతుంది. కాని ఆ కంచంలో మాంసకృత్తులు ఏ మాత్రం? పీచుపదార్థం ఎక్కడ? శనగలో, రాజ్మానో వండుకుందామంటే ముందురోజు రాత్రే నానబెట్టి ఉండాలి. నిన్న గుర్తుకు రానిది ఇవాళ ఆకలివేళకు అక్కరకు రాదు కదా!

ఈ చిక్కుకు ఒక జవాబు నాకు జర్మనీ దేశంలో, ఒక గ్రీకు దుకాణంలో దొరికింది. వెడల్పు మూతి గాజు సీసా. అందులో బొటనవేలి మొదటి కణుపంత లావున తెల్లటి చిక్కుడు గింజలు. ముందే మెత్తగా ఉడికించి, ఉప్పునీటిలో ఉంచినవి. మూత తీయడం, కడగడం, పది నిమిషాల్లో భోజనం చేయడం! "గ్రీసు దేశపు గింజలతో మాకేం పని?" అని పేజీ తిప్పేయకండి. మీ వంటింటికి పనికొచ్చే సంగతి ఇందులో ఉంది.

మా ఇంటి చక్కెర

మా ఇంట్లో చక్కెరవ్యాధి ఆస్తిలాగా తరం నుంచి తరానికి వస్తోంది. మా అత్తగారికి 58వ ఏట కాలి బొటనవేలికి పుండు పడింది. మానలేదు. మొదట వేలు తీశారు. ఏడాది తిరక్కుండానే పాదం తీసివేయవలసి వచ్చింది. ఆ కట్టు రోజూ నేనే విప్పి కట్టేదాన్ని. మావారు 41వ ఏట నుంచి మాత్రలు వాడుతున్నారు.

మా అబ్బాయి జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఇంజనీరు. 2024 జనవరిలో, అతనికి 29 ఏళ్ళప్పుడు, ఆఫీసువాళ్ళు చేయించిన రక్తపరీక్షలో హెచ్‌బిఎ1సి 6.1 శాతం అని వచ్చింది. దాదాపు మూడు నెలల చక్కెర సగటును తెలిపే పరీక్ష ఇది. 5.7 లోపు ఉంటే మామూలు. 6.5, ఆపైన ఉంటే మధుమేహం. ఈ రెంటికీ మధ్య ఉంటే జబ్బు గుమ్మంలో నిలబడి ఉందన్నమాట. "ఇంకా లోపలికి రాలేదుగా, కంగారు పడకమ్మా" అన్నాడు ఫోనులో. ఆ కట్టు కట్టిన చేతులు నావి. కంగారు పడక ఏం చేస్తాను? దేశం దాటడానికి పై ఆఫీసు అనుమతి, సంపాదిత సెలవు అన్నీ పుట్టించుకునేసరికి మార్చి నెలాఖరు అయింది. మూడు వారాలకు వెళ్ళాను.

వంటింటి అలమర తెరిచి చూశాను. పది కిలోల బియ్యం సంచి, ఆవకాయ, గోంగూర పచ్చడి, డజను నూడుల్సు పొట్లాలు. ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, రెండు ఉల్లిపాయలు. ఆ సాయంత్రం నేను పిండిపదార్థాలు, మాంసకృత్తులు అంటూ మొదలుపెట్టగానే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "గ్రాముల లెక్కలు నాకూ తెలుసమ్మా. ఏడున్నరకు ఇల్లు చేరి ఎనిమిదింటికి తినాలనుకునేవాడు ఏం చెయ్యాలో చెప్పు" అన్నాడు. మా ఓ.పి.లో అడిగే ప్రశ్నే, నా కడుపున పుట్టినవాడి నోట వచ్చింది.

కింది అంతస్తు పెద్దావిడ

ఆ ఇంటి కింది అంతస్తులో ఎనభై దాటిన గ్రీకు వృద్ధురాలు ఒక్కర్తే ఉంటుంది. కార్మికుల కోసం పశ్చిమ జర్మనీ 1960లో గ్రీసుతో ఒప్పందం చేసుకుంది. ఆ తర్వాత స్టుట్‌గార్ట్ వంటి ఊళ్ళకు ఫ్యాక్టరీ పనులకు వచ్చిన వేలాదిమందిలో ఆవిడా, ఆవిడ భర్తా ఉన్నారు. భర్త పోయి చాలాకాలమైంది. స్వస్థలం ఉత్తర గ్రీసులో ఫ్లోరినా ప్రాంతం.

ఒక సాయంత్రం ఆవిడ మాకొక పళ్ళెం పంపింది. టమాటా, ఉల్లి, ఆలివ్ నూనెలో మగ్గిన పెద్ద పెద్ద తెల్ల గింజలు. నోట్లో పెట్టుకుంటే వెన్నలా కరిగిపోయాయి. పైతోలు మాత్రం పళ్ళకు తగులుతూనే ఉంది. మర్నాడు పళ్ళెం తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, "ఇవి ఎన్ని గంటలు ఉడికించారు?" అని మా అబ్బాయి చేత అడిగించాను. ఆవిడ నవ్వి, వంటింట్లో ఖాళీ సీసా చూపించింది. "పండగకైతే ఊరి గింజలు నానబోసి, పొయ్యిలో పెట్టి, సగం రోజు చేస్తాను. ఒక్కదాన్నే తినే పూటకు ఇదే. ఒంటరిదాన్నని రొట్టెముక్కతో సరిపెట్టుకుంటే రేపు నన్ను ఎవరు చూస్తారు?" అన్నది.

పాఠకులారా! వయసు మళ్ళిన ఒంటరివాళ్ళ పోషకాహారం గురించి నేనెన్నో ఉపన్యాసాలు విన్నాను. అంత క్లుప్తంగా చెప్పినవారిని చూడలేదు.

అప్పుడు జర్మనులకు ఈస్టరు అయిపోయింది. గ్రీకుల సనాతన క్రైస్తవ సంప్రదాయంలో ఆ ఏడు ఈస్టరు మే 5న పడింది. దానికి ముందు వచ్చే దీర్ఘ ఉపవాసం ఆవిడ పాటిస్తోంది. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. నియమం గట్టిగా పట్టేవాళ్ళు చాలా రోజులు నూనె కూడా మానేస్తారు. అన్ని వారాలు నీరసించకుండా నిలబెట్టేవి ఈ చిక్కుళ్ళు, శనగలు, మసూరు వంటి గింజలే. శ్రావణ శుక్రవారం వాయనంలో నానబెట్టిన శనగలు పెట్టే మనకు ఇది వింతగా తోచదు.

ఏమిటీ గింజలు?

గ్రీకులు వీటిని 'యీగాందెస్' అంటారు. వాళ్ళ పురాణాల్లో దేవతల మీద యుద్ధానికి వెళ్ళిన మహాకాయుల పేరు అది. వీటికన్నా పెద్ద గింజలకు 'ఏనుగులు' అనే పేరు ఉంది! శాస్త్రీయంగా ఇది ఫాసియోలస్ కోక్సీనియస్ అనే తీగ చిక్కుడు. మన రాజ్మాకు దగ్గర చుట్టం. మన పెరటి చిక్కుడు వేరే జాతి.

దీని పుట్టిల్లు మధ్య అమెరికా. కొలంబస్ 1492లో సముద్రం దాటిన తర్వాతే ఈ జాతి చిక్కుళ్ళు ఐరోపాకు చేరాయి. టమాటా కూడా అంతే. గ్రీకుల పాతకాలపు వంటకం అనుకునే దీంట్లో గింజా, పులుసూ రెండూ సముద్రం దాటి వచ్చినవే. మన మిరపకాయలాగానే!

ఉత్తర గ్రీసులో, అల్బేనియా సరిహద్దు దగ్గర ప్రెస్పా సరస్సుల చుట్టూ ఎత్తయిన, చల్లని నేలలున్నాయి. అక్కడ కర్రలు పాతి ఈ తీగను పాకిస్తారు. ప్రెస్పా, కస్తోరియా, కాతో నెవ్రోకోపి ప్రాంతాల గింజలకు ఐరోపా సమాఖ్య ఊరి పేరుతో రక్షణ ఇచ్చింది. మన బంగినపల్లి మామిడికి, తిరుపతి లడ్డుకు ఉన్న గుర్తింపు వంటిదే అది.

గింజలో ఏముంది?

వడకట్టిన ఉడికిన గింజలు ఒక పెద్ద కప్పు, అంటే సుమారు 150 గ్రాములు, తీసుకుంటే పది గ్రాముల మాంసకృత్తులు, దాదాపు అంతే పీచు వస్తాయి. అంతే బరువు తెల్ల అన్నంలో మాంసకృత్తులు నాలుగు గ్రాములు. పీచు ఒక గ్రాము కూడా ఉండదు. క్యాలరీలేమో అన్నంలోనే కాస్త ఎక్కువ.

అసలు విశేషం చక్కెర విషయంలో ఉంది. గింజల్లోని పిండి గట్టి కణాల గోడల మధ్య బందీగా ఉంటుంది. పీచు దానికి తోడవుతుంది. అందుచేత అది మెల్లగా జీర్ణమై రక్తంలోకి మెల్లగా చేరుతుంది. టొరాంటోలో డేవిడ్ జెన్కిన్స్, ఆయన సహచరులు 1981లో ఆహారపదార్థాలు రక్తంలో చక్కెరను ఎంత పెంచుతాయో కొలిచి పట్టిక ప్రచురించారు. అందులో అట్టడుగున నిలిచినవాటిలో ఈ చిక్కుడుజాతి గింజలు ముఖ్యమైనవి. మరో మంచి గుణం, ఒక పూట తిన్న గింజల ప్రభావం తర్వాతి పూట మీద కూడా కొంత కనిపిస్తుంది. అంటే రాత్రి గింజలు తింటే మర్నాటి టిఫిను తర్వాత చక్కెర పెరుగుదల కూడా కొంత నెమ్మదిస్తుంది.

గుండె సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల పరిశీలనలో గ్రీసులోని క్రీటు ద్వీపవాసులకు గుండెజబ్బు చాలా తక్కువని తేలింది. వాళ్ళ ఆహారంలో గింజలు, కూరలు, ఆలివ్ నూనె ఎక్కువ. అయితే ఆ రోజుల్లో ఆ రైతులు పొద్దస్తమానం కొండనేలల్లో పనిచేసేవారు. కుర్చీలో కూర్చుని గింజలు మాత్రమే తింటే క్రీటు రైతుల ఆరోగ్యం వచ్చేయదు.

అన్నం పూర్తిగా మానక్కరలేదు. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరత. గింజల్లో అది సమృద్ధి. గింజల్లో మెథియోనిన్ కొరత. బియ్యం ఆ లోటు తీరుస్తుంది. కనుక కంచంలో అన్నం ఒక వంతు, గింజలు ఒక వంతు, కూరలు రెండు వంతులు ఉంటే చాలు.

పది, పదిహేను నిమిషాల వంటకాలు

ఇవి మా అబ్బాయి వంటింట్లో గడియారం పెట్టుకుని చేసినవి. అన్నిటికీ మొదటి పని ఒకటే. సీసాలోని నీరు పారబోసి, గింజలను చిల్లుల గిన్నెలో వేసి, కుళాయి కింద బాగా కడగాలి. మెత్తటి గింజలు కాబట్టి గరిటెతో గట్టిగా కలపకూడదు.

1. టమాటా చిక్కుళ్ళు: గ్రీకులు 'ప్లాకీ' అనే వంటకానికి ఇది తొందర రూపం. రెండు చెంచాల ఆలివ్ నూనెలో ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొద్దిగా క్యారెట్టు తరుగు మగ్గించాలి. రెండు పండు టమాటాలు వేసి చిక్కబడ్డాక గింజలు, మిరియాలపొడి వేసి ఐదారు నిమిషాలు మూతపెట్టాలి. దించాక పార్స్‌లీ ఆకు. అది లేకపోతే కొత్తిమీర. గ్రీకులు దీన్ని పొగలు కక్కేటట్టు తినరు. కాస్త చల్లారాకే రుచి. మర్నాడు ఇంకా బాగుంటుంది.

2. పాలకూర, సోయికూరతో: గ్రీకులకు ఇష్టమైన మరో జోడి. ఉల్లికాడలు నూనెలో వేగాక పాలకూర కట్ట, గుప్పెడు సోయికూర వేయాలి. ఆకు వాడగానే గింజలు కలిపి నిమ్మకాయ పిండాలి. నిమ్మరసం రుచికి మాత్రమే కాదు. గింజలోని ఇనుమును ఒంటికి పట్టించేది దానిలోని సి విటమినే. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు వృథా అవుతుంది. గంట ఆగండి.

3. పొయ్యి వెలిగించని పూట: గింజలు, కీరా, టమాటా, సన్నగా తరిగిన ఉల్లి, నిమ్మరసం, ఒక చెంచా నూనె. ఇంట్లో ఉంటే ఉడికిన గుడ్డు ఒకటి. ఎండాకాలం రాత్రికి ఇది చాలు.

4. రొట్టె మీద ముద్ద: అరకప్పు గింజలను వెల్లుల్లి, నిమ్మరసం, జీలకర్రపొడితో మెదిపి గోధుమరొట్టె మీద గానీ, చపాతీలో గానీ రాసుకోవడం. పళ్ళు లేని పెద్దవాళ్ళకు, అన్నం మారాం చేసే పిల్లలకు బాగుంటుంది.

5. మన తాలింపు: ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, చిటికెడు ఇంగువ. గింజలు వేసి ఒక్కసారి కుదిపి, పైన కొబ్బరికోరు. ఇవి మన గుగ్గిళ్ళే! ఇది చేసిన రోజున కింది పెద్దావిడకూ పంపాం. ఎండుమిరపకాయలు ఏరి పక్కన పెట్టింది గాని గింజ మిగల్చలేదు.

సీసా కొనేటప్పుడు

ఈ సీసాల్లో రెండు రకాలుంటాయి. ఒకటి ఉప్పునీటిలో ఉంచిన గింజలు. రెండోది టమాటా, నూనెతో తయారైన వంటకం. మొదటి రకమే కొనండి. రెండోదాంట్లో ఉన్న ఉప్పు, నూనె కడిగి తీసేయలేం.

చీటీ చదవడం నేర్చుకోవాలి. ఐరోపా సీసాల మీద వంద గ్రాములకు ఉప్పు ఎంతో వేస్తారు. మన దేశంలోనూ, అమెరికాలోనూ సోడియం లెక్క మిల్లీగ్రాముల్లో ఉంటుంది. సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. అంటే 400 మిల్లీగ్రాముల సోడియం ఒక గ్రాము ఉప్పుకు సమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఇచ్చిన హద్దు ఐదు గ్రాముల లోపు, ఇంచుమించు ఒక టీస్పూను. ఉప్పునీరు పారబోసి గింజలు బాగా కడిగితే సోడియం మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. రక్తపోటు ఉన్నవాళ్ళు ఈ కడగడాన్ని మందు మాత్రలాగా మరవకూడదు. వండేటప్పుడు మళ్ళీ ఉప్పు వేయకండి. పక్కన ఆవకాయ వేసుకుంటే చేసినదంతా వృథా.

మూత మధ్యభాగం ఉబ్బి ఉన్నా, తీసేటప్పుడు లోపలి నుంచి నురగ చిమ్మినా, వాసన తేడాగా ఉన్నా రుచి చూడకుండానే పారేయండి. తెరిచిన సీసా ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో ముగించాలి.

ఇంట్లో సీసాలు పట్టవద్దు

మనవాళ్ళు పచ్చళ్ళు పెట్టడంలో ఘనులు. "గింజలు ఉడికించి సీసాలో పోసి గట్టిగా మూత పెడితే సరి, డబ్బులిచ్చి కొనడం దేనికి?" అనుకుంటారేమో. ఆ పని ఎన్నడూ చేయవద్దు! ఆవకాయను కాపాడేవి ఉప్పు, పులుపు. ఉడికిన గింజల్లో ఆ రక్షణ లేదు. బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషవ్యాధిని కలిగించే సూక్ష్మజీవి బీజాలు మరిగే నీటి వేడికి చావవు. గాలి చొరని సీసాలో అవి మేలుకుని విషం తయారుచేస్తాయి. చూపు మసకబారి, కనురెప్పలు వాలి, మింగలేక, చివరకు ఊపిరి కండరాలు పడిపోతాయి. ఫ్యాక్టరీలో సీసాలను ఒత్తిడి యంత్రాల్లో పెట్టి 120 డిగ్రీల ప్రాంతానికి వేడిచేస్తారు. అందుకే అవి అలమరలో నిలవ ఉంటాయి. ఇంట్లో ఉడికించినవాటికి ఫ్రిజ్ ఒక్కటే చోటు.

ఎండు గింజలు కొని వండుకునేవారికి మరో హెచ్చరిక. రాజ్మాలోనూ, ఈ జాతి చిక్కుళ్ళలోనూ లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొద్దిగా తిన్నా గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కనీసం పది నిమిషాలు కుతకుత మరిగించి, ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. మన ప్రెషర్ కుక్కరు దీనికి భేషైన సాధనం. సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచే విద్యుత్ పాత్రల్లో నేరుగా పచ్చి గింజలు వేయడం ప్రమాదం. సీసా గింజలు ముందే ఉడికినవి కనుక ఈ భయం లేదు.

ఎవరు జాగ్రత్త పడాలి?

"గింజలు తింటే గ్యాసు డాక్టరుగారూ!" నిజమే. వీటిలోని కొన్ని చక్కెరలను మన చిన్నపేగు జీర్ణం చేసుకోలేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి వాయువు పుట్టిస్తాయి. అలవాటు లేనివాళ్ళు మొదటి వారం నాలుగు చెంచాలతో మొదలుపెట్టి, మెల్లగా పెంచండి. సీసా నీరు పారబోసి కడిగితే ఆ చక్కెరలు కొంత పోతాయి. రెండు మూడు వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు ఒక్కసారిగా అన్నం తగ్గించి గింజలు పెంచితే చక్కెర బాగా పడిపోవచ్చు. ముందు మీ డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు సరిచూసుకోండి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి గింజల్లోని పొటాషియం, భాస్వరం లెక్క ముఖ్యం. వాళ్ళు ఎంత తినాలో చికిత్స చేసే డాక్టరే చెప్పాలి.

జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులు "చిక్కుళ్ళు తినకూడదన్నారు, ఇవి పెట్టవచ్చా?" అని అడుగుతారు. ఆ లోపం ఉన్నవాళ్ళ ఎర్రకణాలను చిట్లగొట్టేది ఫావా అనే బాకలా చిక్కుడు. మధ్యధరా తీరంలో ఈ లోపం చాలామందికి ఉంది. ప్రాచీన గ్రీసులో పైథాగరస్ తన శిష్యులను చిక్కుళ్ళు ముట్టవద్దన్నాడని చెబుతారు. ఆయన కాలంలో ఐరోపాలో ఉన్నది ఆ ఫావాయే. మనం చెప్పుకుంటున్న రాక్షస చిక్కుడు అమెరికా జాతి. దీనిలో ఫావాలోని ఆ దోషం లేదు.

సీసా దొరకకపోతే

హైదరాబాదు, విశాఖల్లోని పెద్ద దుకాణాల్లో దిగుమతి సీసాలు దొరుకుతాయి గాని వందల్లో ధర పలుకుతాయి. అంత పెట్టి కొనమని నేను చెప్పను. గ్రీసు గింజకు ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు. రాజ్మా, శనగలు, బొబ్బర్లు, అనపగింజలు అన్నీ ఆ కుటుంబానివే. ఆ సీసా గొప్పతనమంతా ఒక్కటే: ఆకలి వేసే వేళకు ఉడికిన గింజ చేతికి అందడం. ఆ సౌకర్యాన్ని మనం ఇంట్లో కల్పించుకోవచ్చు.

శనివారం రాత్రి అరకిలో శనగలో, బొబ్బర్లో, రాజ్మానో నానబోయండి. ఆదివారం ఉప్పు లేకుండా కుక్కరులో ఉడికించండి. చల్లారగానే, రెండు గంటలు దాటకుండా, వడకట్టి మూడు డబ్బాలు చేయండి. ఒకటి ఫ్రిజ్ కింది అరలో ఉంచి మూడు రోజుల్లో వాడేయండి. మిగతా రెండూ ఫ్రీజరులో పెట్టండి. అవి వారాల తరబడి ఉంటాయి. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్ళలో ఫ్రీజరును నమ్ముకోకుండా బుధవారం మరో విడత ఉడికించుకోండి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు రెండు వేల క్యాలరీలు తినేవారికి 85 గ్రాముల పప్పుధాన్యాలు సూచించింది. అంటే ముడిపప్పు బరువు. మధ్యాహ్నం గరిటెడు పప్పుతో అది పూర్తి కాదు. రాత్రిపూట గింజలు చేరితే అందుకోవచ్చు.

మా అబ్బాయి సంగతి మీకు బాకీ ఉన్నాను. వారంలో నాలుగు రాత్రులు సీసా గింజలు, మిగతా రాత్రుల్లో కొద్దిగా అన్నం అని ఒప్పందం చేసుకున్నాం. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు రెండు స్టాపుల ముందు దిగి నడవడం వాడే పెట్టుకున్నాడు. 2024 అక్టోబరులో పరీక్ష మళ్ళీ చేయిస్తే 5.8 వచ్చింది. బరువు నాలుగు కిలోలు తగ్గాడు. ఇదంతా గింజల మహిమ అని నేను అనను. నడక, తగ్గిన అన్నం, మానిన నూడుల్సు అన్నీ కలిసి పనిచేశాయి. జబ్బు ఇప్పటికీ గుమ్మం దాకా వచ్చే ఉంది. తలుపు తీయకుండా కాపలా కాయడం జీవితాంతం చేయవలసిన పని. వాడికి అది తెలిసింది, నాకు అది చాలు.

ఇక మీ ఇంటి సంగతి. ఈ ఆదివారం కుక్కరు పెట్టండి. ఉడికిన గింజల డబ్బాను ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనకాల దాచకండి, ముందు పెట్టండి. రాత్రి ఎనిమిదింటికి అలసిపోయి తలుపు తీసిన మనిషి చేతికి మొదట అందేదే ఆ పూట భోజనమవుతుంది.